వదులు జోలె, పలుచని జావ

మా పెద్దమ్మాయికి తొమ్మిది నెలలు నిండిన వారంలో అంగన్‌వాడీ టీచరు గారు మా ఇంటికి వచ్చి, వంటింటి గట్టు మీద చల్లారుతున్న జావలో చెంచా ముంచి, పైకి తీసి, ఒక పక్కకు వంచి చూపించారు. జావ ధారగా గ్లాసులోకి జారిపోయింది. "ఇది తాగే వస్తువమ్మా, తినే వస్తువు కాదు" అని ఆవిడ మెల్లగా అన్నారు. ఆ తరువాత సంచిలోనుంచి పాప బరువు కార్డు తీసి నా ముందు పెట్టారు. ఆరో నెలలో 6.2 కిలోలు, తొమ్మిదో నెలలో 6.4 కిలోలు. మూడు నెలల్లో పెరిగింది రెండు వందల గ్రాములు మాత్రమే. పచ్చరంగు పట్టీలో ఉండవలసిన చుక్క అంచు దాటి పసుపు పట్టీలోకి దిగింది.

నేను బిడ్డ తిండిని నిర్లక్ష్యం చేసిన తల్లిని కాను. బియ్యాన్ని నాలుగుసార్లు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టి, సన్నని గుడ్డలో జల్లించి, రోజుకు మూడు పూటలా జావ కాచి, ఉగ్గుగిన్నెతో ఓపికగా పోసేదాన్ని. అంగన్‌వాడీలో పసిపిల్లల కోసం ఇచ్చిన బాలామృతం అనే పోషకాహార పొడి పొట్లాన్ని కూడా, ఇంట్లో చేసినదానికి ఏదీ సాటి రాదనే నమ్మకంతో, పక్కన పెట్టేశాను. ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో ఆ రోజు రాత్రి పాప నిద్రపోయాక కాగితం మీద లెక్క వేసి చూసుకుంటే తెలిసింది.

లెక్క చిన్నదే. నెలల బిడ్డ కడుపు ఒక పూటకు కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. ఆరున్నర కిలోల పిల్లకు అది 200 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసు. ఆ గ్లాసెడు నీళ్లలో నేను వేసే పిండి రెండు చెంచాలు, మహా అయితే ఎనిమిది గ్రాములు. దానిలో 30 కాలరీలకు మించి ఉండవు. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో పాలు కాక ఇతర ఆహారం నుంచి రోజుకు దాదాపు 200 కాలరీలు, తొమ్మిది నెలలు దాటాక దాదాపు 300 కాలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను మూడు పూటలకూ కలిపి ఇస్తున్నది తొంభై. కడుపు నిండుతోంది, కాబట్టి పాప ఏడవడం లేదు. ఏడవడం లేదు కాబట్టి సరిపోతోందని నేను అనుకున్నాను. పైగా ఆ జావ నీళ్లు కడుపులో చోటు ఆక్రమించినందువల్ల ఆమె నా దగ్గర తాగే పాలు కూడా తగ్గాయి.

పలుచగా ఉంటే అరుగుతుందని, చిక్కగా ఉంటే అరగదని మన ఇళ్లలో గట్టిగా నాటుకుపోయిన మాట. జ్వరపడి లేచినవారికి గంజి పోసే అలవాటు నుంచి అది వచ్చి ఉండవచ్చు. కానీ పసిబిడ్డ జ్వరపడి లేచిన మనిషి కాదు. ఏడాదిలో పుట్టినప్పటి బరువుకు మూడింతలు కావలసిన ప్రాణం. చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా, గొంతుకు అడ్డం పడనంత మెత్తగా ఉన్న ముద్దే ఆమెకు తగిన తిండి. మెత్తదనమూ పలుచదనమూ ఒకటి కావనే తేడా నాకు తొమ్మిదో నెలలో తెలిసింది.

అప్పటినుంచి ఉగ్గు పొడి చేసే పద్ధతిని మార్చాను. దానిని ఇక్కడ కొంచెం వివరంగానే రాస్తాను, ఎందుకంటే "గుప్పెడు బియ్యం, కాస్త పప్పు" అని చెప్పుకునే వంటలో ఆ గుప్పెడూ ఆ కాస్తా ఎంతో ఎవరూ చెప్పరు. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు నా కొలత. బియ్యం మాంసకృత్తుల్లో లైసిన్ అనే ముఖ్యమైన భాగం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియొనిన్ అనే మరో భాగం బియ్యంలో ఉంటుంది. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది కాబట్టి రెండూ కలిసినప్పుడే బిడ్డకు పూర్తి ఉపయోగం. పప్పులో సగం పెసరపప్పు, సగం కందిపప్పు వేస్తాను. అర కిలో పొడికి ఒక చెంచా జీలకర్ర, అర చెంచా వాము చాలు. బియ్యమూ పప్పులూ విడివిడిగా కడిగి, పాత పంచె మీద నీడన పరిచి, పూర్తిగా ఆరాక విడివిడిగానే వేయించాలి. బియ్యం వేగే సమయమూ పెసరపప్పు వేగే సమయమూ ఒకటి కావు; కలిపి వేయిస్తే పప్పు మాడుతుంది, బియ్యం పచ్చిగా మిగులుతుంది. చేత్తో పట్టుకుంటే చురుక్కుమని, నోట్లో వేసుకుంటే కరకరలాడితే వేగినట్టు.

కొద్దిగా చేసుకుంటే మిక్సీ చాలు. మరకు తీసుకువెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీకు ముందు ఎవరో కారం పట్టించి ఉంటారు. ఒకసారి నేను చూసుకోకుండా పట్టించి తెచ్చిన రెండు కిలోల పిండిని నాలుకకు అంటించుకున్న వెంటనే పారవేయవలసి వచ్చింది. మర అతనిని అడిగి, ముందు ఒక కిలో మామూలు బియ్యం పట్టించి, ఆ పిండిని ఇంటి వాడకానికి ఉంచుకుని, తరువాతనే ఉగ్గు సరుకు పట్టించాలి. ఆరేడు నెలల బిడ్డకు పొడి మెత్తగా, తొమ్మిది నెలలు దాటాక సన్న రవ్వలా ఉండాలి. నమలడం నేర్చుకునే వయసులో కూడా జల్లించిన మెత్తని పిండే పెడుతూ పోతే, తరువాత అన్నం మెతుకు తగిలినా పిల్లలు ఉమ్మేస్తారు. పొడిని తడి లేని గాజు సీసాలో ఉంచి నెలలోపు వాడుకోవాలి. వానాకాలంలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకోవడం మేలు.

ఒక పూటకు 25 గ్రాముల పొడి, అంటే నిండుగా మూడు పెద్ద చెంచాలు, సుమారు ఒక గ్లాసు నీళ్లలో ముందుగా చల్లగానే ఉండలు లేకుండా కలిపి, తరువాత సన్నని సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించి, దించాక ఒక చెంచా నెయ్యి వేస్తే సుమారు 135 కాలరీలు వస్తాయి. గిన్నె అదే, బిడ్డ కడుపు అదే. లోపలికి వెళ్లే బలం మాత్రం నాలుగు రెట్లు పెరిగింది. నెయ్యిని మనవాళ్లు రుచి కోసం వేస్తారనుకుంటాం కానీ, పసిబిడ్డ తిండిలో అది అసలైన దినుసు. తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తిని ఇచ్చేది కొవ్వు ఒక్కటే.

చిక్కని ముద్దను మింగడానికి మా పాప మొదట మొరాయించింది. అప్పుడు మా అత్తగారు, ఆవిడది నర్సీపట్నం వైపు, తమ ఇంట్లో చోళ్లు మొలకెత్తించి పిండి పట్టే పద్ధతి గుర్తు చేశారు. చోళ్లంటే రాగులే, తెలంగాణలో తైదలంటారు. వాటిని ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి, తడిగుడ్డలో మూటకట్టి, గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఒకటిన్నర రోజు ఉంచితే తెల్లని మొలకలు వస్తాయి. వాటిని ఎండలో గలగలమనేటట్టు ఆరబెట్టి, గరుకు గుడ్డలో వేసి నలిపితే మొలకలు రాలిపోతాయి. మిగిలిన గింజను పిండి చేసుకోవాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొడుతుంది కాబట్టి, కాస్త చల్లారిన చిక్కని ముద్దలో అర చెంచా మొలకల పిండి కలిపితే నిమిషాల్లో ఆ ముద్ద జారుగా మారుతుంది, ఒక్క కాలరీ కూడా తగ్గదు. తరువాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించుకోవాలి. మొలకల గింజను గట్టిగా వేయిస్తే ఈ గుణం నశిస్తుంది, కాబట్టి దానిని వేయించకూడదు. బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ గారి బృందం 1980ల్లో ఈ పద్ధతినే పరిశోధించి, మొలకెత్తిన ధాన్యపు పిండిని పసిపిల్లల తిండిలో చిటికెడు కలపమని చెప్పింది. మా అత్తగారికి ఎంజైము పేరు తెలియదు, ముద్ద జారుగా అవుతుందని మాత్రం తెలుసు. నీళ్లు పోసి జావను జారుగా చేయడానికీ, మొలకల పిండితో జారుగా చేయడానికీ ఎంత దూరమో ఆలోచిస్తే, ఆవిడ మాట మూడు నెలల ముందే విననందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వేరుశనగ సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం "హైదరాబాద్ మిక్స్" పేరుతో ఒక మిశ్రమాన్ని రూపొందించింది. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం కలిపి సుమారు 330 కాలరీలు. అందులో ఖరీదైన దినుసు ఒక్కటీ లేదు, ప్రతి పచారీ కొట్టులోనూ దొరికేవే. దానిని చూశాకే నేను మా ఉగ్గు పొడిలో వేయించి పొట్టు తీసిన వేరుశనగ పొడి కలపడం మొదలుపెట్టాను. ఏడాది దాకా వేరుశనగ పెట్టకూడదని మా చుట్టాలు కొందరు వారించారు. కానీ 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనం, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు మొదటి ఏడాదిలోనే వేరుశనగ అలవాటు చేస్తే ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గుతుందని తేల్చింది. ఇంట్లో ఎవరికైనా అలాంటి ఎలర్జీ ఉన్నా, బిడ్డకు చర్మం మీద తీవ్రమైన తామర ఉన్నా వైద్యుడిని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి. ఎవరికైనా సరే పొడి రూపంలోనే పెట్టాలి. గింజలు నాలుగైదేళ్ల దాకా వద్దు, అవి శ్వాసనాళంలో ఇరుక్కుంటాయి.

పెద్దమ్మాయి ఏడాది నిండేసరికి తిరిగి పచ్చ పట్టీలోకి వచ్చింది. ఆ తరువాత మూడేళ్లకు బాబు పుట్టాడు.

వాడు అయిదు వారాలు ముందుగా, 2.1 కిలోల బరువుతో పుట్టాడు. ఆసుపత్రిలో రెండో రోజున నర్సు వాడిని లంగోటీతో, టోపీతో మాత్రమే ఉంచి, నా రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్పపిల్లలా కాళ్లు విడదీసి ఆనించి, పైన ఒక మెత్తని గుడ్డను చుట్టూ బిగించి కట్టింది. నేను గుడ్డను కాస్త వదులు చేయబోతే, "వదులు చేయకండి, తల జారుతుంది" అని నా చెయ్యి ఆపింది. దానిని కంగారూ మదర్ కేర్ అంటారని అప్పుడే విన్నాను. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో, ఒక్కో ఇంక్యుబేటరులో ఒకరికి మించి పసికందులను పెట్టవలసి వస్తున్న ప్రసూతి ఆసుపత్రిలో, ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు తల్లి ఒంటి వెచ్చదనాన్నే ఇంక్యుబేటరుగా వాడడం మొదలుపెట్టాడు. మన దేశంతో సహా అయిదు దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డల మీద జరిపిన పరిశోధన 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెట్టినవారిలో తొలి 28 రోజుల మరణాలు 12 శాతం, బిడ్డ నిలకడ పొందేదాకా ఆగి మొదలుపెట్టినవారిలో 15.7 శాతం. ఆ తేడా చూసి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసులను మార్చింది. మా వాడి బరువు ఆ కోవలోకి రాకపోయినా, గుండెకు ఆన్చుకున్న క్షణంలో వాడి ఊపిరి నెమ్మదించడం నేను కళ్లారా చూశాను. పగలు నేను, రాత్రి మావారు చొక్కా విప్పి ఇలా కట్టుకుని పడకకుర్చీలో కూర్చునేవాళ్లం.

ఇంటికి వచ్చి నెలలు గడిచాక, పెద్దమ్మాయిని బడికి దింపడానికీ బట్టలు మడతపెట్టడానికీ రెండు చేతులూ అవసరమైనప్పుడు, ఆ కట్టు గుర్తుకు వచ్చింది. వాడికి అప్పటికి మూడు నెలలు. ఒక శాలువను భుజం మీదుగా వేసి, నడుము దగ్గర ముడివేసి, అందులో వాడిని అడ్డంగా పడుకోబెట్టాను. ఉయ్యాలలో పడుకున్నట్టు హాయిగా ఉంటుందని గుడ్డను కావాలనే వదులుగా ఉంచాను. పది నిమిషాలకు మా అత్తగారు దగ్గరకు వచ్చి, "ఏమిటమ్మా, వాడి ఊపిరి గురగురమంటోంది" అన్నారు. గుడ్డ విప్పి చూస్తే వాడు కొడవలిలా వంగి, గడ్డం రొమ్ముకు ఆనుకుని, ముక్కు నా చీర మడతలో ఉంది. పైకి తీయగానే గట్టిగా ఒక ఊపిరి పీల్చుకున్నాడు. ఏమీ కాలేదు. కానీ ఆ పది నిమిషాలు ఇరవై అయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన చాలా రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు.

పసిబిడ్డ మెడకు బలం ఉండదు. తల ముందుకు వాలితే, ఇంకా మెత్తగా ఉన్న శ్వాసనాళం తాగే గొట్టం మడతపడినట్టు మడతపడుతుంది. బిడ్డ ఏడవను కూడా లేడు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2010 మార్చిలో ఇదే హెచ్చరిక చేసింది: నాలుగు నెలల లోపువారికి, నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువవారికి, జలుబుతో ఉన్నవారికి జోలెల, అంటే బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డల విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరమని. మా వాడు ఆ వరుసలో మూడింటికి చెందినవాడు. గుడ్డను వదులుగా కడితే బిడ్డకు హాయి అనుకున్నాను, జావను పలుచగా కాస్తే బిడ్డకు సులువు అనుకున్నాను. రెండూ ఒకే తప్పు అని, ఒకే తల్లి రెండుసార్లు చేసిందని ఆ రోజు అర్థమైంది. వైద్యుడికి వాడిని చూపించి, నిటారుగా కట్టుకోవచ్చని ఆయన చెప్పిన తరువాతే మళ్లీ గుడ్డ జోలికి వెళ్లాను.

బజారులో దొరికే జోలెల ధరలు చూసి, అవి ఎలా ఉంటాయో చదివితే, నేసిన నూలు గుడ్డ, నాలుగున్నర మీటర్ల పొడవు, డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు అని ఉంది. బీరువాలో అయిదున్నర మీటర్ల నేత చీరలు పెట్టుకుని వేల రూపాయల గుడ్డ కోసం వెతకడం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అనిపించింది. ఏజెన్సీ సంతల్లో గిరిజన స్త్రీలు బిడ్డను వీపున బిగించి కట్టుకుని, నెత్తిన బుట్టతో కొండ దిగి రావడం చిన్నప్పటినుంచి చూస్తున్నదాన్నే. వారి కట్టులో బిడ్డకూ తల్లి వీపుకూ మధ్య వేలు దూరదు. చూసి కూడా ఆ బిగువును గమనించలేదు.

అమ్మ ఇచ్చిన మంగళగిరి నేత చీరను ఎంచుకున్నాను. దాని నేత దట్టంగా ఉంటుంది, సాగదు, జారదు. సిల్కూ పాలియెస్టరూ జారిపోతాయి. వాయిలు లాంటి పలుచని గుడ్డ బరువుకు భుజాన్ని కోస్తుంది. పాత చీర అయితే ఎండకు ఎదురుగా పట్టి, అంగుళం అంగుళం చూడాలి. పోగులు జరిగి వెలుతురు ఎక్కువగా కనబడే చోటు ఉంటే ఆ చీర జోలెకు పనికిరాదు. తరువాత రెండు చేతులతో అడ్డంగానూ నిలువుగానూ గట్టిగా లాగి చూడాలి. జరీ అంచు బిడ్డ చెంపకు గీసుకుంటుంది కాబట్టి రెండు వైపులా కత్తిరించి తీసేశాను. గంజి పూర్తిగా పోయేదాకా రెండుసార్లు ఉతికి, వెడల్పు డెబ్బై సెంటీమీటర్లు ఉండేలా కోసి, అంచులు సన్నగా మడిచి కుట్టించాను. మిగిలిన పట్టీ నుంచి బాబుకు పద్నాలుగు మూతిగుడ్డలు వచ్చాయి.

కొంతమందికి అంత పొడవు గుడ్డ చుట్టుకోవడం కష్టంగా ఉంటుంది. వారికి రెండు రింగుల జోలె అనువైనది. రెండు మీటర్లకు పైన పొడవున్న గుడ్డ ఒక కొసను కుచ్చిళ్లుగా మడిచి, మూడు అంగుళాల రెండు రింగుల్లోనుంచి దూర్చి, వెనక్కి మడిచి, మూడు వరుసలు కుట్టాలి. ఆ రింగులు అతుకు లేని అల్యూమినియంవి, బిడ్డలను మోయడానికే తయారైనవి కావాలి. సంచులకు వేసే, వెల్డింగ్ అతుకున్న రింగు బరువుకు విచ్చుకోవచ్చు. దారం కూడా మామూలు నూలుది కాక గట్టి పాలియెస్టరు దారం ఉండాలి. కుట్టిన తరువాత బిడ్డను పెట్టే ముందు పది కిలోల బియ్యం బస్తాను అందులో పెట్టుకుని, మంచం మీదకు వంగి, గది అంతా నడిచి చూశాను. కుట్టుపోగులు ఎక్కడైనా నోరు తెరిచాయేమో వేలితో తడిమి, ప్రతి ఉతుకు తరువాత మళ్లీ చూసేదాన్ని.

కట్టుకునే తీరులో నేను పట్టుకున్న గుర్తులు ఇవి. బిడ్డ నిటారుగా, కడుపు నా కడుపుకు ఆని ఉండాలి. తల వంచితే నుదుటికి ముద్దు అందాలి. ముఖం ఎప్పుడూ నా కంటికి కనబడాలి, గుడ్డ దాని మీదకు రాకూడదు. గడ్డానికీ రొమ్ముకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. చంకన ఎత్తుకున్నప్పుడు ఉన్నట్టే మోకాళ్లు పిరుదులకంటే కాస్త ఎత్తులో, కాళ్లు విడివడి ఉండాలి. అలా ఉంటే తుంటి కీలు సరిగ్గా కుదురుతుంది. వంగితే ఒక చెయ్యి బిడ్డ వీపు మీద ఉండాలి. ఇవన్నీ కుదరాలంటే గుడ్డ బిగువుగా ఉండక తప్పదు. నేను వదులు చేయబోతే చెయ్యి పట్టి ఆపిన ఆ నర్సు మాట ఇదే.

జోలె వేసుకుని నేను చేయని పనులు కూడా ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడలేదు, వేడి టీ తాగలేదు. మే నెల ఎండల్లో రెండు పొరల గుడ్డ తీసేసి, ఒక్క పొర కట్టుతో, ఇంటి లోపల మాత్రమే ఎత్తుకునేదాన్ని. రెండు ఒళ్ల వేడి కలిస్తే బిడ్డకు చెమట పట్టి నీరసిస్తాడు. ద్విచక్రవాహనం మీద ఎప్పుడూ కూర్చోలేదు. మన ఊళ్లలో బిడ్డను చీరతో ఒంటికి కట్టుకుని స్కూటరు వెనక కూర్చునే తల్లులను రోజూ చూస్తాం, వారిని చూస్తే గుండె దడదడలాడుతుంది. ద్విచక్రవాహనం మీద వెళ్లే నాలుగేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేకమైన భద్రతా పట్టీ, హెల్మెట్ ఉండాలని కేంద్రప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. ఏ చీరా, ఏ జోలే ఆ పట్టీకి బదులు కాదు. దూలానికి కట్టే చీర ఉయ్యాల కూడా పెద్దవారి కన్ను మీద లేనిదే వద్దు. అందులో ఊగుతూ ఆడుకునే నాలుగైదేళ్ల పిల్లల మెడకు చీర మెలితిరిగి చుట్టుకున్న వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

ఆరు నెలలు నిండాక బాబుకు అన్నప్రాశన అయిన మర్నాటి నుంచే చిక్కని ఉగ్గు మొదలుపెట్టాను. అమ్మ కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఇనుము నెలలు నిండిన బిడ్డకే ఆరు నెలలకు అడుగంటుతుంది. ముందుగా పుట్టినవాడికి ఇంకా ముందే. వైద్యుడు రాసిన ఇనుము చుక్కలతోపాటు, ఉగ్గులో తోటకూరో మునగాకో ఉడికించి మెదిపి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండేదాన్ని. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసం తోడ్పడుతుంది. వారానికి రెండుసార్లు మేక కాలేయం, రోజు విడిచి రోజు గుడ్డు. ఉప్పూ పంచదారా ఏడాది దాకా వేయలేదు. తేనె అయితే నాలుకకు కూడా తాకించలేదు. దానిలో ఉండగల, బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారు చేయగలవు. వండిన ఉగ్గు మిగిలితే పక్కన పెట్టి సాయంత్రం మళ్లీ పెట్టకూడదు, రెండు గంటలు దాటితే పారవేయాలి.

వస గురించి మా అమ్మకూ నాకూ చిన్న పట్టింపు వచ్చింది. ఎక్కువ మాట్లాడే పిల్లలను వసపిట్ట అంటాం కదా, మాటలు బాగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మా ఇంట్లో అందరికీ జరిగిందే, నాకూ జరిగింది. వసలోని బీటా అసరోన్ వల్ల ఎలుకల్లో కణితులు రావడం చూసి అమెరికాలో 1968లోనే దానిని ఆహారంలో వాడకుండా నిషేధించారు. అమ్మకు ఈ మాట చెబితే మొదట బాధపడింది. మీరందరూ బాగానే పెరిగారు కదా అంది. "బాగానే పెరిగాం అమ్మా, కానీ వీడు నెల తక్కువవాడు" అన్నాను. ఆవిడ వసకొమ్మును గుడ్డలో చుట్టి దేవుడి అరలో పెట్టింది. అమ్మ చేతి ఉగ్గుగిన్నెను మాత్రం నేను వదులుకోలేదు. సీసా పాలపీకకంటే అది శుభ్రం చేయడానికి సులువు. వేడినీళ్లలో మరిగిస్తే చాలు, మురికి దాగే మూల ఉండదు. ఆసుపత్రుల్లో నెల తక్కువ బిడ్డలకు తల్లిపాలు తీసి తాగించేదీ ఆ ఆకారపు గిన్నెతోనే.

బాబుకు ఇప్పుడు పద్నాలుగు నెలలు, తొమ్మిదిన్నర కిలోలు. నడక వచ్చిన నాటినుంచి జోలెలో ఉండడానికి ఒప్పుకోవడం లేదు. వచ్చే శ్రావణంలో చెల్లెలికి కాన్పు. దాని కోసం నిన్న బీరువాలోనుంచి అమ్మ రెండో మంగళగిరి చీర తీసి డాబా మీద ఎండకు ఎదురుగా పట్టి చూశాను. పవిట దగ్గర రెండు చోట్ల నేత పలుచబడి, సూదిమొనంత వెలుతురు పోగుల మధ్య నుంచి వస్తోంది. ఆ చీరను మూతిగుడ్డలకు కత్తిరిస్తాను. జోలెకు వేరే చీర చూడాలి.